ఖాళీలు పూరించే గొంతు

ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి కేబుల్ తెగి అప్పటికే చాలాసేపయింది. కానీ ఆ కేబుల్ గుండా నడిచే ఫోన్ కాల్స్‌లో ఒక్కటి కూడా తెగలేదు.

ఉదయశ్రీ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ తెర వైపు చూసింది. ఆకుపచ్చ గీత ఎక్కడా వంకర పోలేదు. విశాఖపట్నంలో అంతర్జాల సమానత్వ మండలి ప్రయోగశాలలో ఆమె ఉద్యోగమే ఆ గీతను కనిపెట్టుకుని ఉండటం. కోట్ల వ్యాపారం చేసే కంపెనీ సమాచారమైనా, కొండ మీద గుడిసెలోంచి వచ్చే మాటైనా నెట్ దారిలో ఒకే వేగంతో నడవాలని చట్టం. డబ్బిచ్చారని ఒకరిని ముందుకు తోయకూడదు, ఇవ్వలేదని ఇంకొకరిని వెనక్కి నెట్టకూడదు. గీత కిందికి జారిందంటే ఎవరో ఎవరినో నెట్టారన్నమాట.

ఇప్పుడసలు దారే లేదు. గీత మాత్రం చక్కగా నడుస్తోంది.

"జగ్గారావు గారూ, కేబుల్ తెగింది నిజమేనా? ఎవరైనా పుకారు పుట్టించారా?"

ఫీల్డ్ టెక్నీషియన్ జగ్గారావు తన ఫోన్ ఆమె ముందు పెట్టాడు. "పుకారేటండీ మేడమ్! గాట్ రోడ్డు కాడున్న మావోడు ఫొటో ఎట్టాడు, సూడండి. లారీ అంత బండ కేబుల్ మీదే కూకుంది. టవరు కూడా పడిపోనాది. కొండ మీదికి ఇంకో దారేటీ లేదు."

"మీ మేనత్తగారు కొండ మీదే కదూ ఉండేది? ఒకసారి ఫోన్ చెయ్యండి. స్పీకర్ పెట్టండి."

జగ్గారావు నవ్వాడు. "ఎలా కలుస్తాదండీ?"

రెండో రింగుకే కలిసింది.

"ఏరా జగ్గా, తిన్నావేటి?" ముసలి గొంతు ఖంగుమంది.

జగ్గారావు నవ్వు మాయమైంది. "తిన్నానత్తా. మీకాడ వాన గట్టిగా పడతందా?"

"పడక సస్తాదా? మాకు వానేటి కొత్తరా!"

బయటికెళ్లి కొండ వైపు చూసి చెప్పమనండి అని ఉదయశ్రీ చేత్తో సైగ చేసింది. జగ్గారావు ఆ మాటే అడిగాడు.

"సూస్తాన్లేరా. నీ మోకాలు ఎలాగుంది? ఆ తైలం రాస్తన్నావా, మానీసావా?"

మళ్లీ అడిగాడు. మళ్లీ మోకాలు దగ్గరికే వచ్చింది. మూడోసారి అడిగితే, "నీకు పనీ పాటా లేదేట్రా!" అని ముద్దుగా తిట్టింది. జగ్గారావు ఫోన్ పెట్టేసి, దాన్ని మునివేళ్లతో దూరంగా జరిపాడు.

"అచ్చం అత్తే మేడమ్. తిట్టు కూడా అత్తదే. కానీ అత్త కాదు."

అదేమిటో ఉదయశ్రీకి తెలుసు. అది పుట్టింది ఈ గదిలోనే.

ఫోన్లో మాట ప్రయాణించేటప్పుడు దారిలో తునకలు జారిపోతుంటాయి. రెప్పపాటులో సగం కూడా ఉండని ఆ ఖాళీని ఫోన్ ఊహించి నింపేస్తుంది. వినేవాళ్లకు తేడా తెలియదు. ఉదయశ్రీ భర్త చక్రపాణి దాన్ని ఇంకొక మెట్టు ఎక్కించాడు. మనిషి మాట తీరు నేర్చుకుని, లైను రెండు కొసల్లోనూ ఉండి, జారిపోయిన మాటను మాటగానే నింపే యంత్రం చేశాడు. పూరణి అని పేరు పెట్టాడు. మొదటి ప్రదర్శనలో ఉదయశ్రీ చేతే ఒక వాక్యం మాట్లాడించి, మధ్యలో ఒక మాట కోసేశాడు. యంత్రం ఆమె గొంతుతో ఆ మాటే పలికింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఉదయశ్రీకి మాత్రం తన నోట్లో ఎవరో చెయ్యి పెట్టినట్టనిపించింది.

ఒక్క మాట మేరకే వాడాలన్న షరతుతో మండలి పూరణికి అనుమతి ఇచ్చింది. కొండ ప్రాంతాలకు లైను వేసిన వియద్వాణి సంస్థ దాన్ని కొనుక్కుంది. కొండ మీది కేంద్రాన్ని నడపడానికి చక్రపాణినే ఇంజనీరుగా తీసుకుపోయింది. ఆ తర్వాత పూరణి ఎంతెంత ఖాళీ నింపుతోందో ఎవరూ చూడలేదు. చూడకూడదు కూడా. మాట సాఫీగా చేరిందా లేదా అన్నదే మండలి కొలవాలి, లోపలేముందో విప్పకూడదు. అది చట్టంలో మొదటి సూత్రం.

ఇప్పుడు ఒక్క మాట కాదు, అవతలి మనిషిని మొత్తంగా నింపేస్తోంది.

*

మండలి అధ్యక్షుడు వామనరావు గదికి వెళ్తుంటే వరండా బెంచీ మీద బలరాజు లేచి నిలబడ్డాడు. కొండ మీద కాఫీ తోటల్లో పనిచేసే మనిషి. పెసర చేలో అతని భార్య కాసులమ్మను పాము కరిచింది. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే బండి బయలుదేరిందన్నారు. బండి రాలేదు, కాసులమ్మ దక్కలేదు. అంబులెన్స్ ఆఫీసు వాళ్లు మాకసలు ఫోనే రాలేదన్నారు. అప్పట్నుంచీ అతను మండలి చుట్టూ తిరుగుతున్నాడు. మాకు సంబంధం లేదంటూ మండలి తిప్పుతూనే ఉంది.

"మేడమ్, రేపు వియద్వాణి లైసెన్సు విచారణలో నన్ను మాటాడనిస్తారా? ఒక్కటే అడుగుతాను. నాతో మాటాడిన ఆయమ్మ ఎవరో చెప్పమంటాను. డోలీ కట్టీసాం మేడమ్. మోసుకుని రోడ్డు మీదికి దిగిపోదుం. ఆయమ్మ బండి బయలుదేరింది, పేషెంటుని కదపకండి అన్నాది. దించీసాం."

ఉదయశ్రీ ఇదివరకు రెండుసార్లు ఈ మాటలు విన్నది. అప్పుడు జాలిపడింది. ఈసారి జగ్గారావు మేనత్త గొంతు గుర్తొచ్చింది.

వామనరావు ఆమె చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు. కుర్రతనంలో నెట్ సమానత్వం కోసం రోడ్ల మీద బైఠాయించిన మనిషి. ఆ పేరుతోనే ఈ కుర్చీలోకి వచ్చాడు.

"కేబుల్ తెగినా ఫోన్లు ఆగలేదంటే వియద్వాణి వాళ్లకి దండ వెయ్యాలి కదమ్మా!"

"అవతల మనుషుల్లేరు సార్."

"ఉన్నారో లేరో తెలియాలంటే మాట విప్పి చూడాలి. విప్పకూడదనే కదా మనం లాఠీ దెబ్బలు తిన్నది? ఇవాళ మనమే విప్పితే రేపు ప్రతివాడూ విప్పుతాడు."

"కొండవాళ్ల వాటా దారిని ఇంకెవరికో అమ్మేసి ఉంటారు సార్. వేగం తగ్గిస్తే మనకు దొరికిపోతారు. అందుకని తగ్గించలేదు. దొంగ గొంతు పెట్టారు."

"అయ్యుండొచ్చు." వామనరావు కళ్లు తెరిచాడు. "మీరు రేపు విచారణలో ఇది చెప్పండి, నేను అడ్డురాను. వియద్వాణి లైసెన్సు పోతుంది. కొండ మీదికి లైను వేసింది వాళ్లొక్కళ్లే. ఊళ్లన్నీ మూగబోతాయి. దొంగ గొంతు మేలా, ఏ గొంతూ లేకపోవడం మేలా? అది కూడా మీరే చెప్పండి. సరే, మీవారు అక్కడే కదా? ఆయన్నే అడగకపోయారా?"

"ఎలా అడగను సార్? ఫోన్లోనా?"

వామనరావు మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

*

మద్దిలపాలెంలో ఇంటికి చేరేసరికి పూర్తిగా తడిసిపోయింది. దీపం వేసి, కుక్కర్ పెట్టి, వంటింటి గట్టు మీద ఫోన్ పెట్టుకుని ఎదురుగా నిలబడింది. రోజూ ఈ వేళకి చక్రపాణితో మాట్లాడుతుంది. ఇవాళ కలవకూడదని కోరుకుంది. కలిస్తే బాగుండునని కూడా కోరుకుంది.

నంబరు నొక్కింది. కలిసింది.

"ఉదయా, ఇంటికొచ్చావా? గొడుగు తీసికెళ్లావా, లేదా?"

"తీసికెళ్లాను."

"అబద్ధాలాడకు. జుట్టు తడిసే ఉంటుంది. ముందు తుడుచుకో."

ఆమె చెయ్యి దానంతటదే తువ్వాలు అందుకుంది.

ఎదురుగా ఉన్నన్నాళ్లూ నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి. ఒకే ప్రయోగశాలలో పని, ఒకే స్కూటర్ మీద రాకపోకలు, ఇంట్లో మాత్రం గడియారం చప్పుడే వినిపించేది. అతను కొండ మీదికి వెళ్తానన్నప్పుడు ఉదయశ్రీ వద్దనలేదు. వెళ్లాక చిత్రం జరిగింది. ఏం వండావని అడిగేవాడు. తలనొప్పి తగ్గిందా అని గుర్తుపెట్టుకుని అడిగేవాడు. దూరం మనిషిని మెత్తబరిచిందనుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లకి ఆమె ఒకరి కోసం ఎదురుచూడటం నేర్చుకుంది.

"కొండ విరిగిపడిందటగా?" గొంతు స్థిమితంగా ఉంచుకుని అడిగింది.

"ఇక్కడేం లేదులే. నువ్వు కంగారు పడకు."

"వేసవిలో మా అన్నయ్య పోయినప్పుడు, మీరు వచ్చి వెళ్లాక ఫోన్ చేసి వదినతో మాట్లాడారు. పెట్టేస్తూ ఏమన్నారో గుర్తుందా?"

"ఉంటానమ్మా, మళ్లీ చేస్తాను అన్నాను. తప్పయిపోయింది. ఎన్నిసార్లు ఒప్పుకోమంటావు?"

చావు జరిగిన ఇంటి నుంచి ఎవరూ చెప్పి వెళ్లరు. వెళ్లొస్తామనరు. లేచి, చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా పోతారు. ఫోన్లో పరామర్శించినా అంతే, మాట అయిపోగానే పెట్టేస్తారు. అన్నయ్య దహనం నాడు ఒక మరిది వెళ్లొస్తామని నోరు తెరవబోతే భుజం పట్టి బయటికి లాక్కెళ్లింది చక్రపాణే. అలాంటి మనిషి నాలుగు రోజులు తిరక్కుండా ఆ మాట అన్నాడు. మళ్లీ చేస్తానన్న మాట చావింట్లో వినిపించేసరికి బొబ్బిలిలో వదిన మొహం మాడిపోయింది. దాని మీద ఉదయశ్రీ పెద్ద గొడవే చేసింది. మాట జారాడనుకుంది.

అప్పుడు వాన లేదు. కొండ విరగలేదు. కేబుల్ తెగలేదు.

కుక్కర్ కూత వేసింది. ఉదయశ్రీ స్టౌ ఆపింది.

"ఏమండీ. నాకు తెలియనిది ఏదైనా ఒకటి చెప్పండి."

అటువైపు తటపటాయింపు. చిన్నదే. ఇంకొకరైతే గమనించరు.

"నువ్వంటే నాకెంత ఇష్టమో నీకు తెలియదు."

ఆ మాట కోసం ఎన్నేళ్లు కాచుకుందో, అది ఇప్పుడు ఎక్కణ్నుంచి వచ్చిందో రెండూ ఆమెకు తెలుసు. పెట్టేయాలి. బొటనవేలు ఎర్ర గుర్తు మీదే ఉంది.

"పప్పులో ఏం వేశావు ఇవాళ?" అంది గొంతు.

"తోటకూర," అంది ఉదయశ్రీ.

అవతల ఎవరూ లేరని తెలిసీ, అన్నం చల్లారేదాకా మాట్లాడుతూనే ఉంది.

*

మర్నాడు విచారణ మొదలయ్యే వేళకి ఆమె ఘాట్ రోడ్డు మీద జీపులో ఉంది. జగ్గారావు నడుపుతున్నాడు. వెనక సీట్లో బలరాజు. అతని అర్జీ సాంకేతిక విషయం కాదని విచారణ నుంచి తీసేశారట.

"విచారణ మానీసి వచ్చీసారు, ఉద్యోగం ఉంటాదా మేడమ్?" అన్నాడు జగ్గారావు.

"ఏం చెప్పాలో తెలియకుండా అక్కడ నిలబడి ఏం చెయ్యను?"

"దొంగ కంపెనీ అని చెప్పీడమే కదా!"

"కంపెనీ అయితే ఫరవాలేదు జగ్గారావు గారూ."

అతనికి అర్థమైంది.

బండ పడ్డచోట జీపు ఆపి, తెగిన కేబుల్ కొస పక్కనుంచి ముగ్గురూ నడిచి ఎక్కారు. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలు నీళ్లు కారుస్తున్నాయి. బలరాజు దారి చూపిస్తూ ముందు నడిచాడు. జారేచోట తన కర్ర ఆమెకిచ్చాడు. కేంద్రం శిఖరం మీద ఒంటరి కట్టడం. జనరేటర్ చప్పుడు తప్ప మనిషి అలికిడి లేదు.

చక్రపాణి యంత్రాల బీరువాల మధ్య, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ఆమెను చూసి లేచాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. దగ్గి, మంచినీళ్లు తాగి, మళ్లీ ప్రయత్నించాడు.

"ఉదయా."

బొంగురుగా, అరిగిపోయిన గొంతు. నిన్నటి గొంతు కన్నా పదేళ్లు పెద్దది. పూరణి నేర్చుకున్న నాటి గొంతు దగ్గరే ఆగిపోయింది; మనిషి ఇక్కడ ఒక్కడే ముసలివాడైపోయాడు.

"మాట్లాడి చాలా రోజులైంది," అన్నాడు.

"నాతో రోజూ మాట్లాడుతున్నది మీరేనా?"

దారంతా ఆమె ఎన్నో ప్రశ్నలు కూడగట్టుకుంది. చట్టం గురించి, అనుమతి షరతు గురించి, కంపెనీ గురించి. నోటికొచ్చింది ఇదొక్కటే.

"కాదు," అన్నాడు చక్రపాణి.

ఉదయశ్రీ అక్కడున్న ఇనుప స్టూలు లాక్కుని కూర్చుంది. గుమ్మంలో జగ్గారావు తల దించుకున్నాడు.

"మొదట్లో నేనే," అన్నాడు చక్రపాణి. "లైను బాగాలేని రోజుల్లో అక్కడక్కడ పూరణి అందుకునేది. ఒకరోజు నువ్వు తలనొప్పిగా ఉందన్నావు. ఏమనాలో తెలియక నేను ఆగాను. అది ఖాళీ అనుకుంది. 'నుదుటికి అమృతాంజనం రాసుకో, నేను దగ్గరుంటే రాసేవాణ్ని' అంది, నా గొంతుతో. నువ్వు నవ్వావు ఉదయా. నా మాటకి నువ్వలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. మర్నాడు నేను ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాను. ఆ తర్వాత మైకు తీసేశాను. హెడ్‌ఫోన్ ఒక్కటే పెట్టుకునేవాణ్ని."

"అన్నయ్య పోయినప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా. ఫోన్ పెట్టేటప్పుడు ఏమనాలో లక్షల కాల్స్ విని నేర్చుకుంది. చావింట్లో అనకూడనిది ఒకటుంటుందని దానికి నేను నేర్పలేదు. వింటూ కూర్చున్నాను. ఆపడానికి అప్పటికే మైకు లేదు."

"కొండవాళ్లందరి ఫోన్లూ అలాగే చేశారా?"

"కొండ అవతల షేర్ల వ్యాపారం చేసే యంత్రాల గిడ్డంగులున్నాయి. వాళ్లకి దారి మొత్తం కావాలట. వేగం తగ్గించకుండా దారి ఎలా ఖాళీ చెయ్యాలని కంపెనీ వాళ్లు అడిగారు. నా దగ్గర జవాబుంది. చెప్పాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు."

అప్పటిదాకా గోడ పక్కన నిలబడ్డ బలరాజు ముందుకొచ్చాడు. అతని గొంతులో కోపం లేదు. చాలామందిని అడిగీ అడిగీ అలసిపోయిన గొంతు.

"బాబూ, నేను బలరాజుని. మా కాసులమ్మని పాము కరిసిన సాయంత్రం నాతో మాటాడిన ఆయమ్మ ఎవరు బాబూ?"

చక్రపాణి అతని వైపు తిరిగాడు. కూర్చోబోయి, కూర్చోలేదు.

"ఎవరూ కాదు బలరాజు గారూ. మనిషి కాదు. అంబులెన్స్ వాళ్లు మామూలుగా ఏం చెప్తారో అదే అది చెప్పింది. మీ ఫోన్ ఈ గది దాటి వెళ్లలేదు. అలా జరగకూడదనే ఒక దారి విడిగా పెట్టాను. నూరు గొంతుల్లో ఒక్కటి నిజంగా పోయేంత సన్నటి దారి. అంబులెన్స్‌కి, పోలీసుకి చేసే ఫోన్లు అందులోంచే పోవాలి. అంతవరకు నేను నీతి ఉన్నవాణ్నే అనుకున్నాను. కానీ ఈమె గొంతు కూడా నాకు పూరణిలోంచే వచ్చేది. అందులో అలసట ఉండేది కాదు, విసుగుండేది కాదు, వెనక గిన్నెల చప్పుడు ఉండేది కాదు. అది ఉదయ కాదని నాకు తెలిసిపోయేది. అందుకని సాయంత్రం ఈమె ఫోన్ వచ్చే వేళకి ఆ ఒక్క దారీ ఈమెకిచ్చేసేవాణ్ని. కాసేపే కదా, ఈ కాసేపట్లో ఎవరికేమవుతుందిలే అనుకునేవాణ్ని. ఆ సాయంత్రం మీ ఫోన్ వచ్చినట్టు తెర మీద ఎర్రదీపం వెలిగింది. చూశాను. చూడలేదని చెప్పను. మీట నొక్కితే మీ మాట వెళ్లిపోయేది, ఈమె మాట మధ్యలో ఆగేది. ఈమె బీరకాయ తొక్కు పచ్చడి ఎలా చేసిందో చెప్తోంది. అది పూర్తయ్యాక నొక్కుదామనుకున్నాను. పూర్తయ్యేసరికి దీపం ఆరిపోయింది. మీకు బండి బయలుదేరిందని నా యంత్రం చెప్పేసింది. మీరు డోలీ దించేశారు. నేనిక్కడ కూర్చుని, పచ్చడిలో నువ్వులు ఎప్పుడు వెయ్యాలో వింటున్నాను."